ఊక కొనేవారికి వేడి లెక్క

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి విస్తరించింది. దాని వెంట ఉప్పుడు బియ్యం మిల్లులు పెరిగాయి. ధాన్యానికి ఆవిరి పట్టడానికి, ఆరబెట్టడానికి కావలసిన వేడిని మిల్లులు చాలావరకు తమ ఊకతోనే సంపాదించుకుంటాయి. 100 క్వింటాళ్ల ధాన్యం మరపడితే దాదాపు 20 క్వింటాళ్ల ఊక వస్తుంది. వాడుకోగా మిగిలినది బాయిలర్లకు, ఇటుక బట్టీలకు, పెల్లెట్ల తయారీకి పోతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాలు 5 శాతం మేరకు ఇటువంటి పెల్లెట్లను కలిపి కాల్చాలని 2021 అక్టోబరులో కేంద్రం నిర్దేశించడంతో యీ సరకుకు కొత్త గిరాకీ దారి ఏర్పడింది. కనుక కొలిమిలో వృథా అయ్యే ఊక, అమ్ముకోగలిగిన సరకే అని మిల్లరు గుర్తించవలసి వుంది.

తేమ: 10 శాతం తేమ గల కిలో ఊక సుమారు 3,200 కిలో కేలరీల వేడినిస్తుందనుకుందాము. తేమ 20 శాతానికి పెరిగితే అదే కిలోలో లభించేది దాదాపు 2,780 మాత్రమే. మండే పదార్థం తగ్గడమే కాక, ఆ నీటిని ఆవిరి చేయడానికి కొంత వేడి ఖర్చవుతుంది. అంటే తడిసిన 10 టన్నులు కొన్న వర్తకునికి దక్కేది పొడి ఊక 8.7 టన్నుల పాటి వేడి. కాటా దగ్గర మాత్రం 10 టన్నులకూ చెల్లించాడు. వానాకాలంలో బేరగాండ్లు తేమకు తరుగు ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఊక అందించే తీరు: ఊక గింజలు ఒకదానినొకటి పట్టుకుని హాపరులో గూడు కడతాయి. అడుగున స్క్రూ తిరుగుతున్నా సరకు దిగదు, మంట పడిపోతుంది. తరువాత ఒక్కసారిగా కుప్ప పడి నల్లపొగ వస్తుంది. హాపరు గోడలు బాగా నిటారుగా వుండాలి, లోపల కలియబెట్టే కడ్డీ తిరగాలి. ఎప్పుడూ కొంత ఊక నిల్వ వుంచాలి. ఖాళీ అయితే ఆ దారిన గాలి చొరబడుతుంది, మంట వెనక్కు రావచ్చు.

గాలి: వేడి చాలలేదని ఊక పెంచి, గాలి పెంచకపోతే పొగే పెరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే వేడి పొగగొట్టం గుండా బయటికి పోతుంది. కొంత గాలి జాలీ కింది నుంచి, కొంత మంట పైనుంచి అందాలి. ఊకలో ఎక్కువ భాగం ముందుగా వాయువుగా మారి, పైన మండేదే.

బూడిద: కొలిమి పనితనానికి ఇదే సాక్షి. 100 కిలోల ఊకలో 18 కిలోల ఖనిజ బూడిద వుందనుకుంటే, బూడిదలో 20 శాతం మండని బొగ్గు మిగిలిన పక్షంలో నాలుగున్నర కిలోల బొగ్గు పారేసినట్లే. దాని వేడి మొత్తంలో సుమారు 11 శాతం. బూడిద నల్లగా వస్తే ఊక పెంచకముందు గాలిని, జాలీని, మంటలో ఊక నిలిచే సమయాన్ని పరీక్షించాలి. ట్యూబులపై పేరుకున్న బూడిదనూ ఎప్పటికప్పుడు దులపాలి. అది వేడిని నీటికి చేరనివ్వదు.

పెల్లెట్లు: విడి ఊక ఘనపు మీటరుకు 100 కిలోలకు అటుయిటుగా తూగితే, పెల్లెట్లు 600 కిలోల వరకు తూగుతాయి. స్క్రూ కొలిచేది పరిమాణాన్నే. పాత వేగంతోనే తిప్పితే కొలిమిలోకి ఆరింతల సరకు పడుతుంది. వేగం తగ్గించి, గాలి తిరిగి సర్దుకోవాలి. పెల్లెట్లు తడిస్తే పొడి అయిపోతాయి, పొడి ఎక్కువైతే స్క్రూ బిగుసుకుంటుంది. లోడు దించేటప్పుడు పొడి ఎంత రాలుతోందో చూసి ధర పలకాలి.

కొనుగోలుదారు టన్ను ధరను తేమ లెక్కతో సరిచేసి, వెయ్యి కిలో కేలరీలకు ఎంత పడుతోందో చూసుకోవాలి. చౌకగా కనిపించిన లోడే ఒక్కొక్కప్పుడు ప్రియమైనదిగా తేలుతుంది.