వృత్తి మారినను కాయకము మారదు

నిజామాబాదు నుండి బోధనుకు పోవు దారిలో ఎడపల్లి కలదు. ఒకప్పుడు ఆ దారి పొడవున చెరకు బండ్లు వరుసలు తీరి కనబడెడివి. 1923లో ప్రారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణముతో మంజీర నీరు ఈ సీమకు పారెను. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఆ నీటి పంటను చక్కెరగా మార్చెను. దాని చుట్టును వెలసిన శక్కర్‌నగరుకు పేరు సయితము చక్కెర వలననే వచ్చెను. తండ్రి తరువాత కొడుకు అదే గేటులో అడుగిడిన కుటుంబములు అనేకములు.

కాలము మారెను. 2002లో కర్మాగారమున 51 శాతము వాటా ప్రైవేటు సంస్థకు పోయెను. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటింపబడి, బోధనుతోపాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లును ఆగిపోయెను. ఏబది యేండ్ల వయస్సున ఒక పనివాడు ఇంటి అరుగుపై కూర్చుండి, “ఇక నేనెవరిని?” అని తన్ను తాను ప్రశ్నించుకొనవలసి వచ్చినచో ఆతనికి ఏమని చెప్పవలెను? ఈ పాఠమునకు ఆ ప్రశ్నయే మూలము.

పని పోయినపుడు జీతము మాత్రమే పోవునని తలచుట పొరపాటు. ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు సమీపమున మారీంతాల్ అను చిన్న ఊరు కలదు. ఊరంతయు ఒకే బట్టల మిల్లుపై ఆధారపడి యుండెను. 1930 ప్రాంతమున అది మూతపడెను. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అను పరిశోధకులు ఆ ఊరి వారిని గూర్చి 1933లో ఒక గ్రంథమును ప్రకటించిరి. తీరిక ఎంత పెరిగినను ఊరి గ్రంథాలయమున పుస్తకములు తీసికొనువారు తగ్గిరి. పురుషుల నడక మందగించెను. వీథిలో మాటిమాటికి నిలిచిపోవుచుండిరి. ఇంటి పని చేతినిండ నున్న స్త్రీలకు మాత్రము దినము చెదరిపోలేదు. జీతముతో పాటు పని మరి యైదింటిని మనుష్యున కిచ్చునని యహోదా తరువాతి కాలమున వివరించెను: దినమునకు ఒక క్రమము, ఇంటి వెలుపలి వారితో స్నేహము, పదిమందితో కూడిన లక్ష్యము, సంఘమున ఒక గుర్తింపు, చేతికి నిత్యమైన పని. కనుక వృత్తి మారువాడు క్రొత్త జీతమును మాత్రమే కాక ఈ యైదింటిని గూడ వెదకుకొనవలెను.

ఇచట బసవేశ్వరుని కాయక బోధ మనకు దారి చూపును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండారమును నిర్వహించిన ఆ మహనీయుడు పడవ నడపువానిని, బట్టలుతుకువానిని, చెప్పులు కుట్టువానిని సరిసమానముగా ఆదరించెను. పని యొక్క పేరు గౌరవమునకు కొలత కాదు. నిజాయితీతో శ్రమించుట, అవసరమునకు మించి కూడబెట్టకుండుట, మిగిలినది దాసోహమునకు అర్పించుట — ఈ మూడును కలిసినపుడే పని కాయక మగును. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చు మారయ్య ఒకనాడు నిత్యముకన్న ఎక్కువ తెచ్చినపుడు, అధికమైన దానిని తిరిగి ఇచ్చి రమ్మని ఆతని యిల్లాలు లక్కమ్మ పంపినదను కథ శరణుల యిండ్లలో తెలియనిది కాదు.

వృత్తి మార్పునకు మరింత దగ్గరి దృష్టాంతము మోళిగె మారయ్య. ఆయన కాశ్మీర దేశపు రాజనియు, రాజ్యమును విడిచి కల్యాణమునకు వచ్చి కట్టెల మోపులు అమ్మి జీవించెననియు సంప్రదాయము చెప్పును. ఆయన పోయిన సింహాసనమును తలచుచు మోపు మోయలేదు. మోపునే అర్పణముగా మోసెను.

అట్లని కాయకము పేరు చెప్పి కార్మికుని నోరు మూయించుట ధర్మము కాదు. రావలసిన బాకీని అడుగుట ఆతని హక్కు. ఆ హక్కుకై నిలుచుచునే రేపటి పనిని వెదకుకొనవచ్చును.

వెదకుట యెట్లు? పోయిన పనిలో తనదైన గుణమేదో మొదట గుర్తింపవలెను. చక్కెర పాకమున పలుకు కట్టు క్షణమును కనిపెట్టు పాన్‌మ్యానును తలచుకొందము. ఆ కడాయి కర్మాగారమునకు చెందినది. పాకము నెరిగిన చూపు ఆతనిది. ఈ జిల్లాలో పసుపు కొమ్ములు ఉడికించువారికి అట్టి చూపే కావలెను. ఉడుకు తక్కువైనను మించినను సరుకు చెడును. యంత్రములు బిగించిన ఫిట్టరు చేయి మోటారు పంపునకును వరికోత యంత్రమునకును పనికివచ్చును. కాటా వద్ద రైతును మోసగింపక తూచినవాని నిజాయితీ ఏ మిల్లులోనైనను విలువగలదియే. పనిముట్టు మారును, గుణము వెంట వచ్చును. క్రొత్త పనిలో మొదటి సంవత్సరము తనకన్న చిన్నవాని వద్ద నేర్చుకొనవలసి వచ్చినను సిగ్గుపడనక్కరలేదు.

కుటుంబమునకును బాధ్యత కలదు. పని వెదకువానిని “ఎంత తెచ్చితివి?” అని ప్రతి సాయంకాలము అడుగుటకు బదులు “నేడు ఏమి నేర్చితివి?” అని అడుగుట మేలు. మఠములు దాసోహమున అన్నము పెట్టుటతో ఆగక, అట్టివారికి బాలురకు పని నేర్పు అవకాశమిచ్చినచో వారి దినమునకు క్రమమును, మనస్సునకు గౌరవమును తిరిగి లభించును.

ఇంట కూర్చుండి ఆలోచింపదగిన ప్రశ్నలు:

1. మీ పనిలో జీతము గాక మీకు లభించుచున్న దేమి?

2. ఆ పని రేపు ఆగినచో మీ వెంట వచ్చు గుణమేది?

3. మీ వీథిలో పని పోయి కూర్చున్న వానిని ఈ వారము ఎవరు పలుకరించిరి?