పెట్టె ఒకరిది, కెమెరా ఇంకొకరిది

మన విశాఖ మల్కాపురంలో నలుగురు ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరితే బంగారం ధర తర్వాత నడుస్తున్న మాట కెమెరాలదే. నడవదూ మరి! ఒకరి ఇంటాయన షిప్‌యార్డు, ఇంకొకరిది రిఫైనరీ, మరొకరిది స్టీల్ ప్లాంటు. నైట్ షిఫ్టుకి ఆయన బయల్దేరితే ఇంట్లో మిగిలేది మనమూ పిల్లలూ, మంచం దిగలేని అత్తగారూ. గేటు దగ్గర చప్పుడైతే తలుపు తియ్యకుండా టీవీలో చూసుకునే వీలుంటే ఎంత ధైర్యం!

అందుకే ఇళ్ల ముందు కెమెరాలు వెలిశాయి. ఇప్పుడు చిక్కల్లా రెండో విడతలో వస్తోంది. నాలుగేళ్ల కిందట పెట్టించిన రికార్డింగు పెట్టె ఉంది, రెండు కెమెరాలున్నాయి. ఇప్పుడు మేడమెట్ల వైపు ఇంకోటి కావాలి. అబ్బాయి ఆన్‌లైన్లో చవగ్గా వచ్చిందని వేరే కంపెనీది తెప్పించాడు. బిగించడానికొచ్చిన కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ పెట్టెకి ఎక్కదమ్మా, మొత్తం సెట్టు మార్చేద్దాం" అన్నాడు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారో చేతులెత్తండి!

నా మాట వినండి. సెట్టంతా మార్చాల్సిన అవసరం చాలా ఇళ్లలో ఉండదు. ఒక కంపెనీ పెట్టెకి ఇంకో కంపెనీ కెమెరా కలుస్తుంది. ఏ రకానికి ఏ రకం కలుస్తుందో మనకి తెలిస్తే చాలు, డబ్బు మన కొంగులోనే ఉంటుంది.

ముందు మీ పెట్టె వెనక్కి తిప్పి చూడండి. టీవీ కేబుల్లాంటి గుండ్రటి వైరు కొసకి మెలిపెట్టి బిగించే గుండు పిన్ను, అంటే బీఎన్‌సీ ఉంటే అది డీవీఆర్. ఇంటర్నెట్ వైరుకుండే పలక పిన్నుతో కెమెరాలు వస్తుంటే, లేదా వైఫై రూటర్ ద్వారా వస్తుంటే అది ఎన్‌వీఆర్. ఈ రెండింటికీ దారులు వేరు.

డీవీఆర్ ఉన్నవాళ్లకి సంగతి తేలిక. ఈ గుండు పిన్ను కెమెరాల్లో హెచ్‌డీ రకాలు ముఖ్యంగా మూడు: టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ. హిక్‌విజన్ వాళ్లు ఎక్కువగా టీవీఐ వాడితే, దహువా వాళ్లు సీవీఐ తెచ్చారు. ఇవి కాక పాతకాలం మామూలు అనలాగ్ ఒకటి. ఈమధ్య వచ్చే డీవీఆర్‌లు చాలామటుకు వీటన్నిటినీ చదువుతాయి. పెట్టె మీద "ఫైవ్ ఇన్ వన్" అనో "ఎక్స్‌వీఆర్" అనో రాసి ఉంటే అదే అర్థం. కెమెరా పెట్టగానే బొమ్మ రాకపోయినా, నలుపు తెలుపులో వచ్చినా కంగారు పడొద్దు. చాలా కెమెరాల తోక వైరు మీద చిన్న మీట ఉంటుంది. దాన్ని ఒక పక్కకి కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే కెమెరా ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతుంది. ఆ మీట తిప్పి చూడకుండానే "పనికిరాదు" అనే కుర్రాళ్లున్నారు, జాగ్రత్త! ఇంకో విశేషం: ఈ ఎక్స్‌వీఆర్‌లలో చాలావాటికి సెట్టింగుల్లో ఒక చానల్‌ని ఐపీ రకంగా మార్చే వీలుంది. అంటే పాత డీవీఆర్‌కి కొత్త నెట్‌వర్కు కెమెరా కూడా ఒకటో రెండో కలపొచ్చు.

ఇక ఎన్‌వీఆర్ ముచ్చట. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవలసిన పేరు ఒక్కటే, ఆన్‌విఫ్. స్వీడన్‌కి చెందిన యాక్సిస్, జర్మనీ బాష్, జపాన్ సోనీ, మూడు పోటీ కంపెనీలు 2008లో కూర్చుని, ఎవరి కెమెరా ఎవరి పెట్టెకైనా తగిలేలా ఒక ఉమ్మడి పద్ధతి రాసుకున్నాయి. మన వంటింట్లో హెచ్‌పీ సిలిండరు వచ్చినా ఇండేన్ వచ్చినా రెగ్యులేటరు కూర్చునే మూతి కొలత ఒక్కటే ఉన్నట్టన్నమాట. తర్వాత ఎన్నో కంపెనీలు అందులో చేరాయి. ఇందులో మళ్లీ తరగతులున్నాయి. ప్రొఫైల్ ఎస్ అంటే బొమ్మ పంపడానికి సంబంధించిన మూల పద్ధతి. 2018లో వచ్చిన ప్రొఫైల్ టీ అంటే హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో వచ్చే బొమ్మ, కదలిక సమాచారం కూడా. కెమెరా డబ్బా మీద, పెట్టె డబ్బా మీద ఈ పేరు రెండు చోట్లా ఉంటే కలుస్తాయని ధైర్యంగా కొనొచ్చు.

"మరి వైఫై కెమెరాలో వదినా?" అంటారు. అందులో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. టీపీ-లింక్ వాళ్ల టాపో రకాల్లో కరెంటుతో నడిచేవి చాలావరకు ఆన్‌విఫ్‌కి ఒప్పుకుంటాయి. కాకపోతే వాళ్ల యాప్‌లోకి వెళ్లి "కెమెరా అకౌంట్" అని వేరే పేరు, వేరే పాస్‌వర్డు సృష్టించాలి. మనం యాప్ తెరిచే పాస్‌వర్డు పెట్టెకి ఇస్తే తీసుకోదు. ఇక బ్యాటరీతో నడిచే కెమెరాలు మామూలుగా పెట్టెకి కలవవు. అవి చార్జింగు మిగుల్చుకోవడానికి నిద్రపోతుంటాయి, పెట్టేమో ఇరవై నాలుగు గంటలూ బొమ్మ అడుగుతుంది. ఒక్క యాప్‌లోనే చూపించి, బయటికి దారి ఇవ్వని కెమెరాలూ ఉన్నాయి. కొనేముందే అడగండి.

కలిపే తంతు పెద్దదేం కాదు. పెట్టె సెట్టింగుల్లో కెమెరా చేర్చే చోట "ప్రోటోకాల్" అని ఉంటుంది, అక్కడ సొంత కంపెనీ పేరు బదులు ఆన్‌విఫ్ ఎంచుకోవాలి. కెమెరా ఐపీ అడ్రసు, పేరు, పాస్‌వర్డు ఇవ్వాలి. ఇక్కడే నాలుగు చోట్ల పని ఆగిపోతుంది. ఒకటి, హిక్‌విజన్ లాంటి కొన్ని కెమెరాల్లో ఆన్‌విఫ్ ముందే మూసిపెట్టి ఉంటుంది. కెమెరా పేజీలోకి వెళ్లి దాన్ని తెరిచి, దానికంటూ ఒక యూజర్‌ని చేర్చాలి. రెండు, అడ్రసుల వరస. రూటరు 192.168.1 వరసలో ఉంటే కెమెరా కూడా అదే వరసలో ఉండాలి. పెట్టె వెనకే కెమెరా వైర్లు గుచ్చుకునే పీఓఈ రంధ్రాలుంటే పెట్టె తన సొంత వరస నడుపుతుంది, వేరే కంపెనీ కెమెరాకి ఆ వరసలో అడ్రసు మనమే వెయ్యాల్సి రావచ్చు. మూడు, పోర్టు నంబరు. కొన్నిటికి 80, టాపోకి 2020. నాలుగోది చాలామందికి తట్టదు: గడియారం. పాస్‌వర్డు సరిగ్గానే కొట్టినా పెట్టె "తప్పు" అంటుంటే కెమెరాలో తేదీ, టైము చూడండి. ఆన్‌విఫ్‌లో లాగిన్‌తో పాటు టైము కూడా వెళుతుంది. రెండు గడియారాలకీ తేడా బాగా ఉంటే కెమెరా లోపలికి రానివ్వదు. టైము సరిచేస్తే గప్‌చుప్‌గా కలిసిపోతుంది. అంతేగానీ పదేపదే పాస్‌వర్డు కొట్టకండి, కొన్ని కెమెరాలు అరగంట దాకా తాళం వేసుకుని కూర్చుంటాయి.

కలిసింది కానీ బొమ్మ రాలేదంటే కారణం ఎక్కువగా హెచ్.265. పాత పెట్టెకి అది చదవడం రాదు, కెమెరాలో హెచ్.264కి మార్చండి. చివర "ప్లస్" గుర్తున్న రకాలు కంపెనీల సొంత వంటకాలు, వేరే పెట్టెలో పెట్టినప్పుడు అవి ఆపెయ్యడమే మేలు. ఒక నష్టం మాత్రం ఒప్పుకోవాలి. మనిషి వచ్చాడా, కుక్క వచ్చిందా అని తేల్చే తెలివితేటలు వేరే కంపెనీ పెట్టెలో చాలాసార్లు పనిచెయ్యవు. అందుకని అలాంటి కెమెరాకి "కదిలినప్పుడే రికార్డు" కాకుండా "ఎప్పుడూ రికార్డు" అని పెట్టండి. అప్పుడు డిస్కు లెక్క చూసుకోవాలి. సెకనుకి రెండు మెగాబిట్ల చొప్పున పంపే కెమెరా రోజుకి 21.6 జీబీ నింపుతుంది. అలాంటివి నాలుగుంటే ఒక టీబీ డిస్కు పదకొండు రోజులకి నిండి, పాతవి చెరుపుకుంటూ పోతుంది. మీరు పండగకి ఊరెళ్లి పదిహేను రోజులుంటే మొదటి రోజులవి ఉండవు. రెండు టీబీ వేయించుకోండి.

మన ఊరి గాలి సంగతి వేరే చెప్పాలా? ఒక పక్క సముద్రం ఉప్పు, ఇంకో పక్క ఫ్యాక్టరీల దుమ్ము. కెమెరా బాగానే ఉంటుంది, దాని వైరు జాయింటు పచ్చగా చిలుము పట్టి బొమ్మ పోతుంది. జాయింటుని ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో మూసి పెట్టించండి, వైరుని బాక్సులోకి కింది నుంచి పైకి ఎక్కించమనండి, అప్పుడు వాన నీరు జారి కిందే పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు మనకి కరెంటూ సెల్ సిగ్నలూ రోజుల తరబడి లేవు కదా. ఇంట్లో పెట్టె ఉండటంలో లాభం అదే. ఇంటర్నెట్ పోయినా, చిన్న యూపీఎస్ ఉన్నంతసేపూ అది రికార్డు చేస్తూనే ఉంటుంది. క్లౌడ్ మీదే బతికే కెమెరాకి ఆ భాగ్యం లేదు.

ఇప్పుడు అసలు మాట. పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది? బిగించిన కుర్రాడి దగ్గరుందని చాలా ఇళ్లలో జవాబు. యాప్‌లో కెమెరా అతని అకౌంటుకే కట్టి ఉంటుంది, మనకి అతను "షేర్" చేసి వెళతాడు. అంటే మన వాకిలి అతని ఫోన్‌లోనూ ఉన్నట్టే. కుర్రాడు మంచివాడే కావచ్చు, అయినా తాళం చెవి పరాయి చేతిలో ఎందుకు? అతని అకౌంటు నుంచి తీయించి మీ అకౌంటుకి కట్టించుకోండి, అడ్మిన్ పాస్‌వర్డు మీ చేత్తో మార్చండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చకపోతే ఏమవుతుందో 2016లో లోకమంతా చూసింది. మిరాయ్ అనే వైరస్ అలాంటి కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ దూరి, వాటన్నిటినీ సైన్యంలా ఎగదోసి, అక్టోబరు 21న ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు అమెరికాలో తెరుచుకోకుండా చేసింది.

కెమెరా ఎటు చూస్తోందన్నదీ ముఖ్యమే. మా వైపు ఒక పెద్దమ్మ హాల్లో కెమెరా చూసి, "ఇంట్లోనా ఏటే? నానేటి దొంగనా?" అంది. ఆవిడ బాధలో న్యాయం ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగవులో, తోటివాళ్ల ఒప్పుదల లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం వాళ్ల ఏకాంతానికి భంగమని కలకత్తా హైకోర్టు తేల్చింది. 2025లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. మన వీధుల్లో గోడకీ గోడకీ జానెడు ఎడం. పక్కింటి స్నానాల గది కిటికీ, బట్టలారేసుకునే మేడ మీ కెమెరాలో పడుతుంటే, సెట్టింగుల్లో "ప్రైవసీ మాస్క్" ఉంటుంది, ఆ భాగం నల్లగా కప్పెయ్యండి. వేరే కంపెనీ కెమెరా అయితే ఆ మాస్కుని పెట్టెలో కాదు, కెమెరాలోనే పెట్టడం ఖాయమైన పద్ధతి.

కొత్తది కొనబోయేవాళ్లకి చివరగా ఒక్క మాట. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మకానికి తెచ్చే సీసీటీవీ కెమెరాలు కేంద్ర ప్రభుత్వం చెప్పిన భద్రతా పరీక్షలు నెగ్గి ఉండాలి. దుకాణంలో ఆ సర్టిఫికెట్ సంగతి అడగండి. ఆన్‌విఫ్ ఉందా, మా పెట్టె మోడల్‌కి కలుస్తుందా, కలవకపోతే తిరిగి తీసుకుంటారా అనీ అడగండి. జవాబులు బిల్లు వెనక రాయించుకోండి. రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి, గాజువాక దాకా వెళితే ఇంకో దుకాణం దొరక్కపోదు!