పసిపిల్లలు – వేరుసెనగ గింజలు

ముందు దుకాణము, వెనుక కాపురము గల మన కుటుంబములలో బిడ్డ నడక నేర్చునది సరకుల నడుమనే. గుమాస్తా ముద్దుచేసి నాలుగు వేరుసెనగ గింజలు చేతిలో పెట్టును. తాతగారు వేయించిన సెనగలు పెట్టుదురు. అపాయమంతయు ఈ ముద్దులోనే యున్నది.

రెండేండ్లకు దవడపండ్లు పూర్తిగా రావు. పరుగెత్తుచు, నవ్వుచు తినునపుడు గింజ శ్వాసనాళమున జారవచ్చును. ఊపిరితిత్తులకు పోవు రెండు కొమ్మలలో కుడిది వెడల్పు, తిన్నన; గింజ తరచు అందే చిక్కును. ఒక దగ్గుతెర వచ్చి తగ్గును. తల్లి ఊరట చెందును. గింజ మాత్రము లోపల తేమకు ఉబ్బుచుండును. పిమ్మట వారముల తరబడి దగ్గు, పిల్లికూతలు. జలుబు మందులెన్ని పోసినను తగ్గవు. ఎక్స్‌రేలో గింజ కానరాకపోవచ్చును గనుక, పొలమారిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

బిడ్డ గట్టిగా దగ్గుచున్నంతసేపు దగ్గనీయవలెను. కనబడని గింజకై నోట వేలు పెట్టి కెలకరాదు. గొంతు పెగలక, ఊపిరాడకున్నచో ఒకరు 108కి ఫోను చేయవలెను. ఇంకొకరు బిడ్డను ముందుకు వంచి, వీపున రెక్కల నడుమ అరచేతితో ఐదు దెబ్బలు గట్టిగా వేయవలెను. రాకున్నచో వెనుక నిలిచి, బొడ్డునకు పైన పిడికిలి యుంచి లోనికి, పైకి ఐదుసారులు నొక్కవలెను. గింజ వెలువడువరకు రెండును మార్చి మార్చి చేయవలెను. పొట్ట నొక్కు ఈ పద్ధతిని హెన్రీ హైమ్లిక్ అను అమెరికా వైద్యుడు 1974లో ప్రకటించెను. ఏడాది నిండని శిశువునకు పొట్ట నొక్కరాదు. రొమ్ము నడిమి ఎముకపై నొక్కవలెను.

ఐదేండ్లు నిండువరకు వేరుసెనగ, బాదము, జీడిపప్పు పొడిచేసియే పెట్టవలెను. ద్రాక్షపండును నిలువున నాలుగు చీలికలు చేయవలెను. తాతగారికి ఈ మాట చెప్పుట కోడలికి కష్టమే. కుమారుడే చెప్పుట మేలు.