ముఖం కావాల్సిన పది నిమిషాలు

ఐటీ ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కముందే ఎవరో ఒకరు మిమ్మల్ని కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) ఇవ్వమంటారు. ప్రాజెక్టులోకి కొత్తగా ఇద్దరొస్తారు. లేదా మీరు నేర్చుకున్న టూల్ పక్క టీముకీ కావాల్సొస్తుంది. 'రేపు రెండు గంటలు బ్లాక్ చేస్తున్నా, కాస్త చెప్పేయ్' అంటాడు లీడ్. మీరుండేది హైదరాబాద్ గోపన్‌పల్లిలో. వినేవాళ్లలో ఒకరు నల్లగండ్ల, ఇద్దరు చెన్నై, ఒకరు డాలస్. ట్రైనర్ అన్న మాట మీ ఆఫర్ లెటర్లో ఎక్కడా ఉండదు, చేసే పని మాత్రం అదే.

మొదటిసారి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్లు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: 'అందరూ కెమెరాలు ఆన్ చేయండి ప్లీజ్.' ఎందుకంటారో తెలియనిదేం కాదు. పేర్లు మాత్రమే కనిపించే నల్లడబ్బాలతో గంటసేపు మాట్లాడాలంటే ఎవరికైనా బెరుకే. వింటున్నారో, వంటింట్లో ఉన్నారో తెలియదు. అయితే ఆ బెరుకు చెప్పేవాళ్లది, దానికి మూల్యం చెల్లించేది వినేవాళ్లు.

ఆ మూల్యం ఎంతో లెక్కగట్టినవాళ్లున్నారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జెరెమీ బేలెన్సన్ 2021లో వీడియో కాల్స్ ఎందుకు అలసట తెస్తాయో నాలుగు కారణాలు రాశారు. తెరమీద ముఖాలు మరీ దగ్గరగా, మరీ పెద్దగా కనిపిస్తూ కళ్లలోకి చూస్తూనే ఉంటాయి. మన ముఖం మనకే రోజంతా ఎదురుగా ఉంటుంది. ఫ్రేములోంచి జరగకూడదని ఒకే భంగిమలో బిగుసుకుని కూర్చుంటాం. మామూలుగా మనిషి ఎదురుగా ఉంటే ఇట్టే అందే సైగలన్నిటినీ ఇక్కడ పనిగట్టుకుని పంపాలి, పనిగట్టుకుని పట్టుకోవాలి. ఆ ఏడాదే ఆయన బృందం పది వేల మందికి పైగా అడిగి చూస్తే, కాల్ అయ్యాక బాగా అలసిపోతున్నామన్న ఆడవాళ్లు 13.8 శాతం, మగవాళ్లు 5.5 శాతం.

నాకు ఇంతకన్నా ఆసక్తిగా అనిపించింది అదే ఏడాది పరిశోధకురాలు క్రిస్టెన్ షాక్లీ బృందం చేసిన ప్రయోగం. ఒక సంస్థలోని 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు గమనించారు. రెండు వారాలు కెమెరా ఆన్, రెండు వారాలు ఆఫ్. కెమెరా ఆన్ చేసిన రోజుల్లో అలసట పెరిగింది. అలసట పెరిగినప్పుడు మీటింగుల్లో మాట కలపడం, మనసు పెట్టడం తగ్గాయి. ఏది రావాలని కెమెరా పెట్టిస్తున్నామో అదే పోతోందన్నమాట. ఈ అలసట ఆడవాళ్లలోనూ, కొత్తగా చేరినవాళ్లలోనూ ఎక్కువ. కేటీ వినేది ఎక్కువగా కొత్తగా చేరినవాళ్లే కదా!

ఇక మన దగ్గర సంగతి. గోపన్‌పల్లికి ఆనుకునే ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2020 లాక్‌డౌన్ మొదట్లో అధ్యాపకులు సుమారు 2,500 మంది విద్యార్థులను సర్వే చేశారు. దాదాపు 90 శాతం మందికి మొబైల్ ఉంది. ఆన్‌లైన్ క్లాసులకు హాజరు కాగలమన్నది మాత్రం 37 శాతమే. నెట్ నిలకడగా ఉండదని కొందరు, డేటా ఖర్చు భరించలేమని కొందరు, కరెంటు నమ్మకం లేదని మరికొందరు అన్నారు. ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది, కాదనను. కానీ ఫోన్ ఉండటం వేరు, వీడియోలో కూర్చోగలగడం వేరన్న తేడా మారలేదు.

గోపన్‌పల్లి పీజీలో త్రీ షేరింగ్ గదిని ఊహించుకోండి. మూడు మంచాలు, రెండు బీరువాలు, కిటికీ ఊచలకి ఆరేసిన తువ్వాళ్లు. ఒక మంచం మీద యూఎస్ షిఫ్టు చేసొచ్చిన అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతోంది. రెండో అమ్మాయికి ఉదయం పది గంటలకి ట్రైనింగ్. కెమెరాలో పడుకున్న మనిషి కనిపించకూడదు, తువ్వాళ్లు కనిపించకూడదు. అందుకని బీరువా తలుపు తెరిచి దాన్నే వెనకాల గోడగా చేసుకుని మంచం అంచున కూర్చుంది. రెండు గంటలూ ఆమె ధ్యాసంతా తలుపు కదలకుండా చూసుకోవడం మీదే. ఫ్లోరు మొత్తానికి ఒకటే రౌటరు. పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు నుంచి టిప్పర్ల మోత. నెట్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే, గ్రూప్ వీడియో కాల్ గంటకు దాదాపు ఒక జీబీ లాగేయగలదు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి మధ్యాహ్నానికే ఖాళీ. ఆఫీసుకి బయల్దేరి విప్రో సర్కిల్ దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుని చెవిలో ఇయర్‌ఫోన్లతో వినేవాళ్లూ ఉంటారు.

కార్నెల్ యూనివర్సిటీలో విద్యార్థులు వీడియో ఎందుకు పెట్టరని అడిగితే 41 శాతం మంది తాము ఎలా కనిపిస్తామోనన్న సంకోచాన్ని చెప్పారు. వెనకాల ఇల్లు, ఇంట్లోవాళ్లు కనిపిస్తారన్నదీ కారణాల్లో ఉంది. ఇబ్బంది గోపన్‌పల్లి పీజీలదే కాదన్నమాట.

మరి ముఖాలు చూడకుండా క్లాసు జీవంతో నడుస్తుందా? నడుస్తుంది. అమీర్‌పేట ట్రైనర్లు ఇది ఏనాడో తేల్చేశారు. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లలో ఆన్‌లైన్ బ్యాచులు కోవిడ్‌తో పుట్టినవి కావు. అమెరికాలో ఉన్నవాళ్ల టైముకి తగ్గట్టు తెల్లవారుజామునో రాత్రో చెప్పడం అంతకుముందే ఉంది. అక్కడ కెమెరా ఊసే ఎత్తరు. స్క్రీన్ షేర్, గొంతు, చాట్ బాక్స్, అంతే. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో బడి పిల్లలకు పాఠాలు చెప్పిన టీచర్లకైతే ఒక్క ముఖమూ కనిపించలేదు.

అయితే అమీర్‌పేట పద్ధతిలో నాకు నచ్చనిదొకటుంది. 'అర్థమైందా? చాట్‌లో యెస్ పెట్టండి' అనడం. నలభై యెస్‌లు బిలబిలా వచ్చేస్తాయి. అర్థం కానివాడూ యెస్ కొడతాడు, నలుగురిలో నామోషీ ఎందుకని. దానికన్నా ఇలా అడిగి చూడండి. ఎస్‌క్యూఎల్ చెబుతున్నారనుకుందాం. 'ఉద్యోగుల టేబుల్లో 5 రోలున్నాయి. అందులో ఇద్దరికి డిపార్ట్‌మెంట్ ఇంకా ఇవ్వలేదు. డిపార్ట్‌మెంట్ టేబుల్‌తో ఇన్నర్ జాయిన్ చేస్తే ఎన్ని రోలొస్తాయి? అంకె టైప్ చేయండి, నేను చెప్పేదాకా ఎంటర్ కొట్టొద్దు.' అరనిమిషం ఆగి 'ఇప్పుడు' అనండి. మూడు అన్నవాళ్లకి అర్థమైంది. అయిదు అన్నవాళ్లు లెఫ్ట్ జాయిన్‌తో కలగాపులగం చేసుకున్నారు. ఏడు అన్నవాళ్లకి మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. ఇరవై ముఖాలు గంటసేపు చూసినా ఇంత సమాచారం దొరకదు. కెమెరాలో తలూపేవాళ్లంతా వింటున్నట్టు కాదని మీకూ తెలుసు, మీరూ ఊపినవాళ్లే.

అలాగని వీడియో అక్కర్లేదని అనడం లేదు. ముఖం లేకపోతే జరగని పనులు కొన్నున్నాయి. మొదటి పది నిమిషాల పరిచయం అలాంటిదే. ఏ గొంతు ఎవరిదో ముఖంతో జతపడితే తర్వాత గంటన్నర ఆఫ్‌లో ఉన్నా పరాయిగా అనిపించదు. కస్టమర్‌తో మాట్లాడటం నేర్పుతుంటే రోల్‌ప్లేకి వీడియో కావాలి. ఒకరి పని మీద తప్పొప్పులు చెబుతుంటే కావాలి, గొంతులో కటువుగా వినిపించే మాటని మీ ముఖం చూసి మరోలా తీసుకుంటారు. నలుగురేసి విడివిడి గదుల్లో చర్చకి పంపినప్పుడు కావాలి, అక్కడ నాలుగు ముఖాలే కాబట్టి భారమూ తక్కువ. చివర్లో సందేహాల వేళ, అడిగినవాళ్లు ఇష్టమైతే పెట్టుకుంటారు. స్క్రీన్ మీద కోడ్ రాస్తున్నప్పుడు, ల్యాబ్ ఇచ్చి అందరూ సొంతంగా చేసుకుంటున్నప్పుడు ఎవరి ముఖమూ అక్కర్లేదు. మీదీ అక్కర్లేదు. ట్రైనర్ కెమెరా మొదలు నుంచి చివరిదాకా ఆన్‌లో ఉండాల్సిందేనని కొందరంటారు. చూడాల్సిన లైను తెరమీద ఒకచోట, మీ ముఖం ఇంకోచోట ఉంటే చూపు చీలిపోతుంది. డెమోకి ముందు ఆపేసి, డెమో అయ్యాక మళ్లీ కనపడండి. ఆ రాకపోకలే క్లాసుకి కామా, ఫుల్‌స్టాప్‌ల పని చేస్తాయి.

ఇవన్నీ ముందురోజు ఇన్వైట్‌లోనే రాసేయండి: 'మొదటి 10 నిమిషాలు, చివరి 15 నిమిషాలు వీలైనవాళ్లు కెమెరా పెట్టుకోండి. మధ్యలో అవసరం లేదు.' బీరువా తలుపు అమ్మాయికి ఈ రెండు వాక్యాలు ఎంత ఊరటో ఆలోచించండి. పదినిమిషాలైతే రూమ్మేట్‌ని లేపకుండా కారిడార్లో నిలబడి గడిపేయొచ్చు. కాల్ మొదట్లో ఇంకో సంగతి చెప్పండి: జూమ్, టీమ్స్ రెండింట్లోనూ తమ వీడియో తమకు కనపడకుండా దాచుకునే వీలుంది. అవతలివాళ్లకి మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. చాలామందికి ఇది తెలియదు.

విరామం విషయంలో పిసినారితనం వద్దు. మైక్రోసాఫ్ట్ 2021లో 14 మంది తలకు ఈఈజీ పరికరాలు తొడిగి చూసింది. వరసగా నాలుగు అరగంట మీటింగులు పెడితే మెదడులో ఒత్తిడి పేరుకుంటూ పోయింది. మధ్యమధ్య పదేసి నిమిషాలు ఆపితే పేరుకోలేదు. 'పది నిమిషాల బ్రేక్' అనేసి ఊరుకోకుండా '11.40కి కలుద్దాం, లేచి నాలుగడుగులు వేయండి' అని టైము తెరమీద రాయండి. ఆ పది నిమిషాలూ మీరు స్లైడ్లు సర్దుకోకండి, మీరూ లేవండి.

మీ కెమెరా ఆన్‌లో ఉన్న కాసేపైనా చక్కగా ఉండాలి. లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెడితే కెమెరా కళ్ల ఎత్తుకి వస్తుంది. కిటికీ వెనకుంటే ముఖం నల్లబడుతుంది, ఎదురుగా పెట్టుకోండి. డబ్బులు ఖర్చు పెట్టగలిగితే వెబ్‌కామ్ కన్నా ముందు మంచి మైకున్న హెడ్‌సెట్ కొనండి. బొమ్మ మసకబారినా జనం ఓర్చుకుంటారు, గొంతు గరగరలాడితే ఓర్చుకోరు.

ట్రైనింగునే వృత్తిగా చేసుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ జీసీసీల్లో (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు), పెద్ద ఐటీ కంపెనీల్లో లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్ టీములుంటాయి. ఫ్రెషర్లకి నేరుగా ట్రైనర్ పోస్టు దొరకడం కష్టమే. కోఆర్డినేటర్‌గానో, వర్చువల్ క్లాసులో ట్రైనర్ పక్కన ఉండి చాట్, పోల్స్, విడి గదులు చూసుకునే ప్రొడ్యూసర్‌గానో దారి దొరుకుతుంది. ఆ పని చేసినవాళ్లకి ఏ నిమిషాన క్లాసు జారిపోతుందో ట్రైనర్ కన్నా ముందే తెలుస్తుంది. దరఖాస్తుతో పాటు ఎనిమిది నిమిషాల డెమో రికార్డింగ్ పంపండి. అందులో మీ ముఖం ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తప్పుకుంది అన్నది చూసేవాళ్లకి కనిపించాలి.

డెమో రౌండులో 'పార్టిసిపెంట్లు కెమెరా పెట్టకపోతే ఏం చేస్తారు?' అని అడిగే అవకాశం ఉంది. 'పేరు పిలిచి పెట్టిస్తాను' అనకండి. ఏ భాగానికి ముఖం అవసరమో, మిగతా భాగాల్లో ఎవరు వెనకబడ్డారో దేనితో కనిపెడతారో చెప్పండి. అంకెల ప్రశ్నని ప్యానెల్ మీదే ప్రయోగించినా తప్పులేదు. 'మా దగ్గర కెమెరా తప్పనిసరి' అని వాళ్లంటే వాదించకండి, క్లయింట్ నిబంధనలుంటాయి. ఇబ్బంది ఉన్నవాళ్లు క్లాసుకి ముందు మీకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టే వీలుందా, రికార్డింగులో వాళ్ల ముఖాలు పడతాయా, పడితే ఆ రికార్డింగ్ ఎవరి దగ్గర ఎన్నాళ్లుంటుంది అని అడగండి. జవాబు ఏదైనా ఇన్వైట్‌లో రాయాల్సింది మీరే.