భర్త సంతకం అక్కర్లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. సిజేరియన్‌తో బాబు పుట్టి పది నెలలైంది. మావారు సెలవుకు వచ్చి మళ్లీ దుబాయ్ వెళ్లిపోయారు. ఇప్పుడు నెల తప్పాను, ఏడు వారాల గర్భం. ఇంకో కాన్పు ఇప్పుడే వద్దు. నర్సింగ్ హోమ్‌లో ఆయన సంతకం తెమ్మన్నారు. మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకోనా?
– ఒక సోదరి, జగిత్యాల

జవాబు: వద్దమ్మా, సొంతంగా వేసుకోవద్దు. ముందు స్కానింగ్ తీయించుకోండి. మీకు సిజేరియన్ అయి ఏడాది కూడా కాలేదు. ఒక్కోసారి గర్భం ఆ పాత కుట్టు దగ్గరే అతుక్కుంటుంది, లేదా ట్యూబులో నిలుస్తుంది. ఇలాంటప్పుడు మాత్రలు వేసుకుంటే గర్భం పోదు సరికదా, కడుపులో రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. స్కానింగ్‌లో గర్భం సరైన చోటే ఉందని తేలితే, రక్తహీనత లేదని చూసుకుని, తొమ్మిది వారాల లోపు డాక్టరు పర్యవేక్షణలో అవే మాత్రలు భద్రంగా పనిచేస్తాయి. వేసుకున్నాక గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక సంతకం సంగతి. వాళ్లు అడిగింది తప్పు. మన దేశంలో 1971 నాటి చట్టం ప్రకారం గర్భస్రావం చట్టబద్ధం. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఉంటే చాలు. మైనర్లకు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి మాత్రమే సంరక్షకుల సమ్మతి కావాలి. ఆ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. అత్యాచార బాధితులు, మైనర్లు వంటి కొన్ని వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. ఈ 24 వారాల అవకాశం పెళ్లికాని వారికీ ఉంటుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఇంత స్పష్టమైన చట్టం ఉండగా, లేని నిబంధన చెప్పి ఆడవాళ్లను తిప్పి పంపడం నాకు కోపం తెప్పిస్తుంది. గేటు దగ్గర వెనక్కి పంపితే గర్భం ఆగిపోదు, వారాలు పెరుగుతాయి. భయంతో, సిగ్గుతో ఆమె మందుల షాపుకో, నాటువైద్యానికో వెళుతుంది. ఆ తర్వాత రక్తం కారుతూ మా దగ్గరికి వస్తుంది. మోసే శరీరం మీది, నిర్ణయమూ మీదే.

ఈ వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజిస్టును కలవండి. తర్వాత కాపర్-టీ గురించి కూడా అడగండి. అక్కడా భర్త సంతకం అడిగితే గర్భస్రావానికి సమ్మతి తీసుకునే ఫారం-సి చూపించమనండి. అందులో భర్త సంతకానికి చోటే లేదు.