తోటను కాచువారి పాటలు

పఠన భాగములు: ఆదికాండము 2:4-15, యోబు 28:1-11, కీర్తన 104, రోమా 8:19-22

భిలాయి ఉక్కు నగరమును ఆనుకొని జాముల్ అను ఊరు గలదు. అచ్చట సిమెంటు తయారగును. కొంత దూరమున నందిని సున్నపురాతి గనులున్నవి. దక్షిణమున దల్లీ రాజహరా కొండలనుండి ఇనుపరాయి త్రవ్వి ఉక్కు కర్మాగారమునకు తెచ్చెదరు. సోవియట్ దేశపు సహకారముతో కట్టబడిన ఆ కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు ప్రారంభించిరి. పనికొరకు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి తెలుగువారు అనేకులు విజయనగరము రాయపూరు రైలు మార్గమున వచ్చిరి. వారిలో క్రైస్తవులైనవారు తమ ట్రంకు పెట్టెలలో బట్టలతోపాటు బైబిలును, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెచ్చుకొనిరి. నూరుకు పైగా కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) సువార్త ప్రకటించుచు తిరిగిన సీమ వారిలో అనేకుల పుట్టినిల్లే గదా.

జాముల్‌లో ఒక గృహకూటమున, సృష్టికర్తను స్తుతించు కీర్తన యొకటి పాడి ముగించితిమి. పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన నన్ను ఆపి యిట్లడిగెను: “అయ్యగారూ, ముప్పై యేళ్లు కొండను కరిగించి జీతం తీసుకున్నాను. కొండల్ని చేసిన దేవుణ్ణి పొగిడే పాట నేను పాడొచ్చునా అండీ?” నేను అప్పుడు నవ్వి, “పాడవచ్చును లెండి” అని చెప్పి యూరకుంటిని. అది తొందరపాటు జవాబు. ఆయన హాస్యమునకు అడుగలేదు. ఈ పాఠము ఆయనకు నేను బాకీయున్న జవాబు.

మొదట ఆయన పనిని గూర్చి. గనిపని దేవుని యెదుట నింద్యమైనదని లేఖనము చెప్పదు. ద్వితీయోపదేశకాండము 8:9 వాగ్దాన దేశమును వర్ణించుచు, దాని రాళ్లే ఇనుమని చెప్పుచున్నది. యోబు 28వ అధ్యాయములో మనుష్యులు తిరుగని చోట సొరంగము త్రవ్వువాడు, చెకుముకి రాతిమీద చేయివేయువాడు, పర్వతములను కుదుళ్లతో బోర్లద్రోయువాడు కనబడును. ఆ వచనములలో వెక్కిరింపు లేదు, ఆశ్చర్యమే యున్నది. అయితే అధ్యాయము అక్కడ ఆగదు. ఇంత నేర్పరియైన నరుడు జ్ఞానము దొరకు చోటు మాత్రము ఎరుగడనియు, దేవునియందలి భయభక్తులే జ్ఞానమనియు చెప్పి ముగియును. కొండను త్రవ్వు నేర్పు ఒకటి, ఎంతమట్టుకు త్రవ్వవలెనో తెలిసికొను జ్ఞానము మరియొకటి.

104వ కీర్తన మనకు తెలిసిన సృష్టి కీర్తనలన్నిటికి తల్లివంటిది. ఊటలు, అడవి గాడిదలు, దేవదారు వృక్షములపై గూళ్లు, కొండమేకలు వరుసగా వచ్చును. నరుడు వారి నడుమ ఒకడుగా వచ్చునేగాని పైన కూర్చుండి కనబడడు. రాత్రి కొదమ సింహములు ఆహారము వెదకును, సూర్యుడు ఉదయింపగా అవి పండుకొనును, అప్పుడు నరుడు సాయంకాలమువరకు పనికి బయలుదేరును. రాత్రి షిఫ్టుకు పోవువారు ఈ మాటలు చదివి చిరునవ్వు నవ్వుదురు, సింహముల వేళలు వారి వేళలైనవి గనుక! కాని భావము గ్రహింపవలెను. వేళలు పంచబడినవి. అడవికిని నరునికిని ఒక్కటే ఇల్లు. ఒకరు మేల్కొనినప్పుడు మరియొకరికి విశ్రాంతి కలదు. రాత్రియు పగలును ఆరని కొలిమి ప్రక్కన నివసించు మనము ఈ విశ్రాంతిని గూర్చి మరి యెక్కువగా ధ్యానింపవలసి యున్నది. లేవీయకాండము 25వ అధ్యాయములో నేలకు సహితము ఏడవ యేట విశ్రాంతి విధింపబడినది.

ఇక ఆదికాండము 2:15. దేవుడు నరుని తోటలో ఉంచినది రెండు పనులకొరకు: సేద్యపరచుట, కాచుట. మొదటి పనికి హెబ్రీ భాషలో వాడిన క్రియకు సేవచేయుట అనియు అర్థము. రెండవది ‘షామర్’ అను మాట. ఇదే మాటతో అహరోను ఆశీర్వచనములో (సంఖ్యా 6:24) యెహోవా మనలను కాపాడును గాక అని వినుచున్నాము. 121వ కీర్తనలో ఈ మాట ఆరు మారులు వచ్చును. తన తమ్మునికి కావలివాడా అని కయీను ప్రశ్నించినప్పుడు (ఆది 4:9) తప్పించుకొనజూచినదియు ఈ మాటనుండియే. దేవుడు మనలను ఎట్లు కాచుచున్నాడో అట్లే మనము నేలను కావవలెనని ఈ క్రియ సూచించుచున్నది. ఇది చిన్న బాధ్యత కాదు.

ఇప్పుడు పాటలలోనికి వత్తము. అస్సీసీ ఫ్రాన్సిస్ 1225 ప్రాంతమున, చూపు మందగించి వ్యాధితో బాధపడుచుండగా, ఇటలీ దేశపు ప్రజల వాడుక భాషలో ఒక స్తుతిగీతము రచించెను. సూర్యుని, గాలిని, అగ్నిని సోదరులనియు, చంద్రుని, నీటిని సోదరీలనియు, భూమిని సోదరియైన తల్లియనియు పిలిచెను. ఆంగ్ల బోధకుడైన విలియం డ్రేపరు దాని ననుసరించి వ్రాసిన పాట 1919లో అచ్చయి లోకమంతట వ్యాపించెను. కొలిమి యెదుట పనిచేసినవారికి అగ్ని సోదరుడనుట వింతగా తోచదు. అన్నము పెట్టునదియు అదియే, కాల్చునదియు అదియే. సోదరుడన్నప్పుడు మర్యాదయు ఉండవలెను, జాగ్రత్తయు ఉండవలెను.

సృష్టిని గూర్చిన ప్రతి పాటయు నిర్దోషమైనది కాదు. సిసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండరమ్మ 1848లో పిల్లలకొరకు ప్రకటించిన ప్రసిద్ధ గీతములో, కోటలోని ధనికుని, వాకిట నిలిచిన బీదవానిని, వారి వారి స్థితులలో దేవుడే నియమించెనను చరణ మొకటి యుండెను. పూవులు, పక్షులు దేవుడు చేసినట్లే ఆ వాకిలియు దేవుడే కట్టెననుట తప్పు. 1906 నాటి ఆంగ్ల కీర్తనావళిలో దానిని తీసివేసిరి, మంచి పనియే చేసిరి. న్యూజీలాండు కవయిత్రి షర్లీ ఎరీనా మర్రే (1931-2020) 1991లో వ్రాసిన గీతము మరియొక త్రోవ తొక్కినది. భూమిని తేలికగా తాకుడని మొదలుపెట్టి, మనము చేసిన నాశనమును ఒప్పుకొని, క్షమాపణ వేడుకొనుచున్నది. సృష్టి ప్రసవవేదన పడుచున్నదన్న రోమా 8:22 ఇక్కడ పాటలో వినబడును.

మన కీర్తనల పుస్తకములో సృష్టిని చూపి సృష్టికర్తను స్తుతించు పాటలు గలవు. పశ్చాత్తాప కీర్తనలు విస్తారముగా గలవు. ఈ రెండును చేయి కలిపి నడచు పాట మాత్రము అరుదు. నేలకు చేసిన గాయమును పాపముల లెక్కలో చేర్చుకొనుట మనకు ఇంకను అలవడలేదు. దూరపు ఉదాహరణ యేల? కోతపండుగనాడు మా కూటమువారమే గుమ్మడికాయలు, వరి కంకులు బల్లపై అలంకరించి కృతజ్ఞతాకీర్తనలు పాడితిమి. భోజనములైన పిమ్మట ప్లాస్టికు పళ్లెములన్నిటిని వెనుకగోడ ప్రక్కన పోగువేసి నిప్పంటించితిమి. ఆ పొగ ప్రక్కింటి పసిబిడ్డ ఊయలమీదికి పోయెను. అగ్గిపుల్ల గీసినవారిలో నేనును ఉంటిని.

పనిచోట కాచుట ఎట్లు? సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చినప్పుడు క్లింకరు తయారగును. బొగ్గు పొగయే గాక, రాతిలోనుండియు బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఇంధనము మార్చినంత మాత్రమున అది ఆగదు. ఉక్కు కొలిమిలో మిగిలిన చిట్టెమును క్లింకరుతో కలిపి నూరినచో రాతిని కాల్చవలసిన అవసరము ఆ మేరకు తగ్గును. పారవేయవలసిన చిట్టెము పనికి వచ్చును. జాముల్ వంటి చోట ఉక్కును సిమెంటును పొరుగువారై యుండుట ఇందుకు ఉపకరించినది. నందిని గనులలో పని ముగిసిన నేలపై ఇటీవలి యేండ్లలో మొక్కలు నాటి అడవి పెంచు ప్రయత్నము జరిగినది. త్రవ్వుట మాన్పింపలేని మనకు ఇట్టి పనులు చూచి దేవుని స్తుతించు హక్కును గలదు, ఇంకను కావలెనని అడుగు హక్కును గలదు.

కనుక ఆ పెద్దాయనకు నా జవాబు: పాడవచ్చును, పాడవలెను, అయితే ఆ కీర్తన వెంబడి పశ్చాత్తాప కీర్తన యొకటి కూడ పాడవలెను, ఆయన ఒక్కడే గాక మనమందరమును. రాబోవు కోతపండుగకు ఈ క్రమము నిర్ణయించుకొంటిమి: మొదట 104వ కీర్తన అందరును కలిసి చదువుట, తరువాత స్తుతికీర్తన, పిమ్మట యోబు 28 పఠనము, ఒప్పుకోలు, ఆ పిమ్మట కానుకలు. భోజనము విస్తరాకులలో. యోబు 28వ అధ్యాయమును చదువుమని ఆ పెద్దాయననే అడిగితిని. కళ్లద్దాలు మార్పించుకొని వచ్చెదనని ఒప్పుకొనెను.