చీలమండ బెణికినపుడు ఇంటివద్ద చేయదగిన చికిత్స
(బస్తరు ప్రాంతపు పురపాలక, తాలూకా యధికారుల యుపయోగార్థము)

1. బస్తరు ప్రాంతపు జనులు వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు సేకరించుటకై యడవులకును, బరువులతో వారపు సంతలకును రాళ్లదారుల నడచుచుందురు. వానకాలమున పొలముగట్లు జారును. ఇట్టిచో పాదము లోపలివైపునకు మడతపడి చీలమండ బెణుకుట సామాన్యము. ఇది ప్రాణాపాయకరము కాదు. కాని తునికాకు కోత కొలది వారములే యుండును. ఆ దినములలో నడువలేని కుటుంబమునకు రొక్కపు రాబడి తగ్గును. మఱియు విరిగిన యెముకను బెణుకని యుపేక్షించినచో కుంటితనము నిలిచిపోవచ్చును.

2. బెణుకన నెద్ది?—ఎముకల నొండొంటితో బంధించు గట్టి పట్టీలకు స్నాయువులని పేరు. అవి సాగుటయో, తెగుటయో బెణుకనబడును. చీలమండ వెలుపలి ప్రక్కనున్న స్నాయువులే తఱచుగా దెబ్బతినును.

3. ప్రథమ పరీక్ష.—1992లో కెనడా దేశపు ఆటవా నగర వైద్యులు ప్రకటించిన నియమములు మిక్కిలి యుపయుక్తములు. ఈ క్రింది వానిలో నొక్కటి యున్నను ఎక్స్‌రే తీయింపవలెను:

(అ) దెబ్బ తగిలిన వెంటనేయు, పరీక్షించునపుడును 4 అడుగులైన వేయలేకపోవుట;

(ఆ) చీలమండ ఇరుప్రక్కల గుబ్బయెముకల కొనను గాని, వాని వెనుక యంచున 6 సెంటీమీటర్ల మేర గాని, నొక్కినపుడు ఎముకపై నొప్పి కలుగుట;

(ఇ) పాదము నడుమ లోపలి యంచునందలి యెముకపై గాని, చిటికెన వ్రేలి వెనుక వెలుపలి యంచున నుబ్బిన యెముకపై గాని యట్టి నొప్పి యుండుట.

మద్యము సేవించినవారియందును, పాదమున స్పర్శ లేనివారియందును ఈ పరీక్ష నమ్మదగదు. చిన్నబిడ్డలను వైద్యునికే చూపవలెను.

4. చికిత్స.—మొదటి 2, 3 దినములు కాలికి విశ్రాంతి నీయవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి, 15 మొదలు 20 నిమిషములవఱకు, 2, 3 గంటల కొకసారి యుంచవలెను. మంచు దొరకనిచో కుండనీట తడిపిన గుడ్డ చాలును. మెత్తని పట్టీని వ్రేళ్ల మొదలునుండి పైకి చుట్టవలెను. వ్రేళ్లు నీలమెక్కినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను తక్షణమే విప్పవలెను. పండుకొనునపుడు కాలిని గుండెకంటె నెత్తుగ నుంచవలెను.

5. కూడనివి.—ఆ దినములలో వేడి కాపడము, గట్టిగా మర్దించుట, మద్యపానము వర్జ్యములు. వెదురుబద్దలతో బిగించి కట్టుట యన్నిటికంటె నపాయకరము. రక్తప్రసారము నిలిచి పాదము కుళ్లి, తీసివేయవలసి రావచ్చును.

6. పిదప.—నొప్పి తగ్గినకొలది పాదమును మెల్లగా నన్ని దిక్కులకు త్రిప్పుచు, నడక సాగింపవలెను. తుదకు గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలుచుట యభ్యసింపవలెను. ఈ సాధన విడిచినవారికి బెణుకు తిరుగబెట్టును.

7. అధికారుల కర్తవ్యము.—ఛత్తీస్‌గఢ్ గ్రామములలో 2002 సంవత్సరమునుండి మితానిన్లు అను ఆరోగ్య సేవికలు పనిచేయుచున్నారు. తునికాకు కోతకు ముందే 3వ పేరాలోని పరీక్షను వారికిని, సంతల పర్యవేక్షకులకును నేర్పింపవలెను. కాలు వంకరపోయినను, గాయమునుండి యెముక కనబడినను, పాదము చల్లబడినను, ఇంటి చికిత్సకు తావీయక, కాలిని కదలనీయకుండ నానించి, 108 వాహనమును పిలిపించి, ఎక్స్‌రే గల వైద్యశాలకు పంపవలెను.